వాక్యాల వరస నేర్పడానికి మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు

ఇంగ్లీషు పేపరులో ఒక ప్రశ్న ఉంటుంది. నాలుగైదు వాక్యాలు కలగాపులగం చేసి ఇస్తారు. వాటిని వరసలో పెడితే ఒక పేరా అవ్వాలి. పిల్లలు వీటిని జంబుల్డ్ సెంటెన్సులు అంటారు. గురజాల బడిలో చదివే పిల్లవాడికీ ఈ తరహా ప్రశ్న ఎదురవుతుంది, డిగ్రీ అయిపోయి నరసరావుపేటలో గది తీసుకుని బ్యాంకు ఉద్యోగానికి చదువుకుంటున్న వాళ్లక్కకీ ఎదురవుతుంది. స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లో ఉంది. సైన్యంలో ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే ఎన్‌డీఏ, సీడీఎస్ పరీక్షల్లో ఉంది. మేనేజిమెంటు చదువుకు రాసే క్యాట్‌లోనూ ఉంది.

దీని గురించి తల్లిదండ్రులు అనే మాట ఒకటి నేను తరచూ వింటుంటాను. “మావాడికి గ్రామరు వచ్చు, లెటర్ రాస్తాడు, ఆ జంబుల్డ్ దగ్గరే మార్కులు పోతన్నాయి. మనం కూర్చోబెట్టి చెబుదామంటే మనకా ఇంగ్లీషు రాదాయె.” అందులో చివరి మాటకు జవాబుగానే ఇదంతా రాస్తున్నాను. పేపరు మొత్తంలో మీ సాయం బాగా పనికొచ్చే ప్రశ్న ఏదైనా ఉంటే అది ఇదే. ఇంగ్లీషు ఎంత వచ్చో చూడటానికంటే ముందు, ఏ మాట తర్వాత ఏ మాట రావాలో పిల్లలకు తెలుసా లేదా అని ఈ ప్రశ్న చూస్తుంది. ఆ తెలివిడి పిల్లలకు మొదట అబ్బేది ఇంట్లో, తెలుగులో, మీ నోటి నుంచి.

మన కాలువ నీళ్ల మీదే ఒక ఉదాహరణ చూద్దాం. ఇంగ్లీషును కాసేపు పక్కన పెట్టండి.

క) దాంతో పల్నాడులో చాలా మెట్ట పొలాలకు నీళ్లు అందాయి.
చ) ఆ రాయి పడింది 1955 డిసెంబరు 10న.
ట) కృష్ణానది మీద నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు.
త) ఆ తర్వాత దాదాపు పన్నెండేళ్లకు, 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

దీన్ని మీరు చదివినా, ఎవరైనా చదివి వినిపించినా, వరస చెప్పడానికి మీకు నిమిషం పట్టదు. ట, చ, త, క. ఇప్పుడు అది ఎలా చెప్పగలిగారో ఒక్కసారి వెనక్కి చూసుకోండి. ‘దాంతో’ అని ఎవరూ మాట మొదలుపెట్టరు, దేంతో అన్నది ముందు తెలియాలి. ‘ఆ రాయి’ అన్నారంటే అంతకుముందే ఒక రాయి సంగతి వచ్చి ఉండాలి. ‘పన్నెండేళ్లకు’ అంటే ఎప్పటి నుంచి లెక్క? దాని ముందు ఒక తేదీ ఉండి తీరాలి. ఎవరి మీదా ఆనుకోకుండా తనంతట తాను నిలబడగలిగిన వాక్యం ఒక్క ‘ట’ మాత్రమే. అదే మొదటిది.

పిల్లలు ఎక్కువగా పొరబడేది ఎక్కడో కూడా ఇందులోనే కనిపిస్తుంది. 1955 అన్న అంకె కనపడగానే ‘చ’ను ముందు పెట్టేస్తారు. పాత సంవత్సరం ముందు, కొత్త సంవత్సరం తర్వాత అన్న ఒక్క సూత్రం పట్టుకుని పరిగెత్తుతారు. ‘ఆ రాయి’లో ఉన్న ‘ఆ’ను చూడరు. అంకె కంటే ఆ చిన్న మాటకే బలమెక్కువ.

ఇంగ్లీషులో అచ్చంగా ఇదే పని చేసే మాటలు ఉన్నాయి. హి, షి, ఇట్, దే, దిస్, దోజ్ వంటివి కనపడితే, ఎవరు, ఏది అని అడగాలి. బట్, సో, దేర్‌ఫోర్, హౌఎవర్ అన్నవి కనపడితే వాటికి ముందు ఇంకో వాక్యం ఉందని అర్థం. ఒక మనిషి పేరు ఒకచోట ఇంటిపేరుతో సహా నిండుగా ఉండి, ఇంకోచోట పొట్టిగా ఉంటే, నిండు పేరున్న వాక్యమే సాధారణంగా ముందుది. మొదటిసారి చెప్పేటప్పుడు ‘ఎ ఫార్మర్’ అంటారు, రెండోసారి ‘ద ఫార్మర్’ అంటారు. ఎ, ద అన్న ఈ రెండింటి తేడా మన పిల్లలను గ్రామరు పుస్తకంలో ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతుంది. కానీ కథ చెప్పేటప్పుడు మనం చేసేదీ అదేగా? అనగనగా ఒక రాజు అంటాం, ఆ వెంటనే ఆ రాజుకు ఏడుగురు కొడుకులు అంటాం. రెండోసారి కూడా ‘ఒక రాజు’ అంటే ఊయల్లో పిల్లాడు కూడా ఇంకో రాజు వచ్చాడనుకుంటాడు. ఇంగ్లీషు బడికి వెళ్లకముందే ఇది పిల్లలకు తెలుసు. తెలిసిన సంగతే ఇంగ్లీషులో ఇంకో వేషంలో వచ్చిందని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి, అంతే.

ఏడుగురు కొడుకులంటే ఏడు చేపల కథ గుర్తొచ్చింది కాబట్టి అక్కడే కాసేపు ఆగుదాం. ఈ ప్రశ్నకు అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. చేప ఎండలేదు. ఎందుకంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. అదెందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు. ఆవెందుకు మేయలేదంటే పాలేరు మేపలేదు. అట్లా పోయి పోయి చీమ దగ్గర తేలుతుంది. జరిగిన వరసలో చూస్తే చీమ కుట్టడమే అన్నిటికంటే ముందు జరిగింది. కథలో అది అన్నిటికంటే చివర వస్తుంది. జరిగిన క్రమం ఒకటి, చెప్పే క్రమం ఇంకొకటి. అయినా ఏ పిల్లా తికమకపడదు, ఎందుకంటే ప్రతి జవాబూ దాని ముందున్న ప్రశ్నను పట్టుకుని వస్తోంది.

దీన్ని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మన మాటల్లో కారణం ముందు, ఫలితం వెనక రావడం ఎక్కువ. వాన పడింది కాబట్టి మిరపకాయలు తడిశాయి అంటాం. ఇంగ్లీషులో మిరపకాయలు తడిశాయని ముందు చెప్పేసి, ‘బికాజ్’ అంటూ వాన సంగతి వెనక తగిలించడం చాలా మామూలు. ఒక్క వాక్యంలోనే కాదు, పేరాలో కూడా అట్లాగే మొదట ఫలితం చెప్పి, రెండో వాక్యంలో ‘ద రీజన్’ అని మొదలుపెడతారు. ముందు జరిగింది ముందే రావాలని పట్టుబట్టిన పిల్లలు ఇక్కడ దెబ్బతింటారు. ఏడు చేపల కథ చెప్పించి, “ముందు జరిగిందేందిరా? కథలో ముందొచ్చిందేందిరా?” అని రెండు ప్రశ్నలు అడగండి. ఒక సాయంత్రం అది సరిపోతుంది.

కాస్త పెద్ద పిల్లలుంటే పల్నాటి వీరుల కథ తీసుకోండి. ఇది మన గడ్డ కథ, మాచర్ల చెన్నకేశవస్వామి గుడికి వెళ్లినా, కారెంపూడి నాగులేటి ఒడ్డుకు వెళ్లినా వినపడే కథ. బ్రహ్మనాయుడి కోడికీ నాగమ్మ కోడికీ పందెం జరిగింది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోవాలి. బ్రహ్మనాయుడి పక్షం ఓడి, మలిదేవుడితో కలిసి వలసపోయింది. గడువు తీరాక అలరాజు రాయబారానికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆ తర్వాత కారెంపూడిలో యుద్ధం, బాలచంద్రుడి పోరు. ఇందులో ఏ రెండు సంఘటనలు తారుమారు చేసినా కథ కూలిపోతుంది. ఏడేళ్ల గడువు సంగతి లేకపోతే రాయబారానికి అర్థం లేదు, పందెం లేకపోతే గడువుకు అర్థం లేదు. మీ ఇంట్లో నాయనమ్మ ఉంటే ఈ వరస ఆమెకు నోటికి వచ్చే ఉంటుంది.

ఇప్పుడు ఇంకో సంగతి గమనించండి. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. మొదటి రోజు రాచగావు, రెండో రోజు రాయబారం, మూడో రోజు మందపోరు, నాలుగో రోజు కోడిపోరు, అయిదో రోజు కళ్లిపాడు. కథలో కోడిపోరు ముందు, అలరాజు రాయబారం తర్వాత. ఉత్సవంలో రాయబారం ముందు, కోడిపోరు తర్వాత. రెండూ తప్పు కాదు. కథకు కథ వరస, కొలుపుకు కొలుపు వరస. పరీక్షలో ఇచ్చే పేరాకు కూడా దాని సొంత వరస ఉంటుంది. ఆ సంఘటనలు మనకు బయట ఎట్లా తెలుసన్నది అక్కడ లెక్కకు రాదు, వాక్యాలను ఒకదానికొకటి తగిలించే ‘ఆ’, ‘దాంతో’ లాంటి కొక్కేలు ఏం చెబుతున్నాయో అదే లెక్క. తెలిసిన విషయం మీద ప్రశ్న వస్తే తెలివైన పిల్లలు కూడా తప్పు పెట్టేది ఇందుకే. వాక్యాలు చదవకుండా తమకు తెలిసిన కథ రాసేస్తారు.

ఇక ఇంట్లో ఏం చేయాలి? అన్నిటికంటే పెద్ద పని, పిల్లలు చెప్పేది చివరిదాకా వినడం. బడి నుంచి రాగానే వాళ్లు గబగబా ఏదో చెబుతారు. “వాడు కొట్టాడమ్మా, సార్ చూసి పిలిచాడు, నేను కాదన్నాను.” వాడు ఎవడు? ముందు కొట్టిందెవరు? సార్ చూసిందేంటి? కోప్పడకుండా, నిదానంగా ఈ మూడూ అడగండి. “ఎవడ్రా వాడు? అంతకుముందు ఏమైంది? ఆ పైన ఏమైంది?” ఇదొక్కటే అలవాటు చేయండి. వినేవాళ్లకు తెలియని మనిషిని ‘వాడు’ అనకూడదని పిల్లలకు తెలిసేది ఇట్లాగే. పరీక్ష హాల్లో ‘హి’తో మొదలయ్యే వాక్యాన్ని మొదటి చోట పెట్టకుండా ఆపేది ఈ అలవాటే. పొలం నుంచి అలిసిపోయి వచ్చిన మీకు ఇది కష్టమని నాకు తెలుసు. రోజూ అక్కర్లేదు, అన్నం తినేటప్పుడు పది నిమిషాలు వినండి, టీవీ కట్టేసి వినండి.

రెండో పని కాగితం ముక్కలతో. మన ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. సోషలో సైన్సో, ఏదైనా ఒకటి తీయండి. ఇంగ్లీషు పేజీలో ఒక పేరాలోని అయిదు వాక్యాలను అయిదు ముక్కల మీద పిల్లల చేతే రాయించండి. ముక్కలు కలిపేసి నేలమీద పరిపించండి. పుస్తకం మాత్రం మీ చేతిలో ఉండాలి, తెలుగు పేజీ మీవైపు. పిల్లలు వరస పెట్టి ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే మీరు పేజీతో పోల్చి చూసుకోవచ్చు. తప్పు పెట్టారా, “తప్పు” అనకండి. “ఇది దీని వెనక ఎందుకు పెట్టావు?” అని అడగండి. ఒప్పు పెట్టినా అదే ప్రశ్న అడగండి. కారణం చెప్పలేని ఒప్పు గాలివాటంగా వచ్చింది, రేపు రాదు. అప్పుడప్పుడు పుస్తకంలో లేని వరస కూడా సబబుగానే ఉంటుంది. కారణం బలంగా చెబితే ఒప్పుకోండి, శభాష్ అనండి. పరీక్షలో ఇచ్చే వాక్యాలు ఒక్క వరసే కుదిరేట్టు చూసి రాస్తారు, పాఠ్యపుస్తకం పేరా అట్లా రాసింది కాదు.

పదో తరగతి పిల్లలకైతే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో మొదటి కథ ఉంది, ‘ఎ లెటర్ టు గాడ్’. మెక్సికో రచయిత రాసింది. రైతు కథ కాబట్టి మీకూ నచ్చుతుంది. లెంచో అనే రైతు వాన కోసం ఎదురుచూస్తాడు. వాన వస్తుంది, వెంటనే వడగళ్లు పడి పంటంతా పోతుంది. నూరు పెసోలు పంపమని దేవుడికే ఉత్తరం రాస్తాడు. పోస్టాఫీసు వాళ్లు చూసి జాలిపడి తమలో తాము చందా వేసుకుని డెబ్బై పంపుతారు. లెంచో లెక్కపెట్టుకుని కోపం తెచ్చుకుని, మిగతా డబ్బు పోస్టులో పంపవద్దని, అక్కడి వాళ్లు దొంగలని దేవుడికి మళ్లీ రాస్తాడు. ఈ కథలో ‘దే’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా, ఎవరు వాళ్లు అని పిల్లల్ని ఆపి అడగండి. ‘అతనికి కోపం వచ్చింది’ అన్న వాక్యం డబ్బు అందక ముందు పెడితే ఏమవుతుందో, వడగళ్ల తర్వాత పెడితే ఏమవుతుందో చెప్పించండి. వడగళ్ల తర్వాత పెడితే అది దేవుడి మీద కోపం అవుతుంది, కథే మారిపోతుంది. చోటు మారితే అర్థం మారుతుందని పిల్లలు కళ్లారా చూడటం, పది గైడ్లు బట్టీ పట్టడం కంటే మేలు.

గైడ్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పాత పేపర్లు చేయించడం మంచిదే. కానీ కొందరు పిల్లలు బి-డి-ఎ-సి అని జవాబుల అక్షరాలే గుర్తుపెట్టుకుంటున్నారు. అదే పేరా మళ్లీ రాదు, వచ్చినా అక్షరాలు మారుస్తారు. మీ పిల్లల నోట్సులో జవాబు అక్షరాలు తప్ప ఇంకేం లేకపోతే, ‘దిస్’, ‘దే’, ‘బట్’ లాంటి మాటల కింద గీతలు గీయమని చెప్పండి. గీత నుంచి అది ఎవరి గురించో ఆ మాట దాకా బాణం గీయమనండి. ఆ బాణాలు చూస్తే ఇంగ్లీషు రాని మీకు కూడా పిల్లలు ఆలోచించారో లేదో తెలుస్తుంది. ఇంకో మాట. పక్కింటి పిల్లకు వచ్చింది, నీకెందుకు రాలేదని అనకండి. ఈ ప్రశ్న నెమ్మదిగా చూసేవాళ్లది. భయపడ్డ పిల్లలు మొదటి వాక్యం కనపడగానే పట్టుకుని పారిపోతారు.

పెద్ద పరీక్షలు రాస్తున్న కొడుకూ కూతుళ్లూ ఉన్నవాళ్లకు కొంచెం. సీడీఎస్‌లో తరచూ మొదటి వాక్యం, చివరి వాక్యం ఇచ్చేసి, మధ్యలో పి, క్యూ, ఆర్, ఎస్ అని నాలుగు వాక్యాలు కలిపి ఇస్తారు. అక్కడ నాలుగింటి వరసా ఒకేసారి పట్టక్కర్లేదు. కచ్చితంగా పక్కపక్కనే ఉండాల్సిన జంట ఒకటి దొరికితే చాలు, ఆ జంటను విడదీసిన ఆప్షన్లు కొట్టేయవచ్చు. బ్యాంకు పరీక్షల్లో అయిదారు వాక్యాలిచ్చి, రెండోది ఏది, చివరిది ఏది అంటూ ఒకే పేరా మీద వరసగా ప్రశ్నలు అడిగే పద్ధతి ఉంది. ఒక్కటి జారితే అన్నీ జారతాయి. తప్పు జవాబుకు పావు వంతు మార్కు కోత కూడా ఉంది. కాబట్టి అట్లాంటి పేరా అర్థం కాకపోతే వదిలి ముందుకు పోవడం తప్పేమీ కాదని మీ పిల్లలకు మీరే చెప్పండి. అన్నీ రాసి తీరాలన్న పట్టుదల చాలామందికి ఇంటి నుంచే వస్తుంది. క్యాట్‌లో మాత్రం ఈ ప్రశ్నకు ఆప్షన్లు ఉండవు, వరస అంకెలు టైపు చేయాలి, తప్పయినా మార్కు కోత లేదు. అక్కడ ఊరికే వదిలేయకూడదు.

మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది, దాన్ని చెప్పకుండా ఈ సలహా పూర్తి కాదు. పదో తరగతి పరీక్షలు మార్చిలో వస్తాయి. సరిగ్గా అప్పుడే మిరపకోతలు, కల్లాల్లో కాయలు ఆరబెట్టడం, తాలుకాయ ఏరడం. కూలి రేటు చూస్తే ఇంట్లో ఉన్న చేతులన్నీ కావాలనిపిస్తుంది. ఆ లెక్క నాకు తెలుసు కాబట్టి పిల్లల్ని అసలు పిలవొద్దని గట్టిగా చెప్పలేను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం బడి ఎగ్గొట్టించి కోతకు తీసుకుపోకండి. ఆదివారం వచ్చినా, మధ్యాహ్నానికి పంపేయండి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. కోతకు పోకపోయినా వంట, నీళ్లు, తమ్ముడు, అన్నీ ఆ పిల్ల మీదే పడతాయి. పుస్తకం తెరిచేసరికి తొమ్మిది దాటుతుంది. నిద్ర కళ్లతో ‘దిస్’ ఎవరి గురించో వెతకడం ఎవరివల్లా కాదు. జంబుల్డ్ వాక్యాలు తెల్లవారుజామున చేయించండి, ఎక్కాలూ నిర్వచనాలూ రాత్రికి ఉంచండి.

పరీక్షకు ముందు రోజు కొత్త పేరాలు వద్దు. ఒక్క అలవాటు మాత్రం గుర్తుచేయండి. వరస పెట్టడం అయిపోయాక, మొత్తం పేరాను మొదటి నుంచి చివరిదాకా లోలోపల పెదాలు కదిలేట్టు ఒక్కసారి చదువుకోవాలి. ఎక్కడైనా చెవికి తట్టుకుంటే అక్కడి రెండు వాక్యాల మధ్య బాణం ఉందా అని చూసుకోవాలి. తట్టుకోకపోతే దాన్ని అట్లాగే వదిలేసి తర్వాతి ప్రశ్నకు పోవాలి. బాణం దొరకకుండా ఊరికే అనుమానం వచ్చి మార్చిన జవాబుల వల్ల పోయిన మార్కులు నేను చాలా చూశాను.